పెద్ద ఆదాయాల మీద పన్ను పెంచాలా? నా టేబుల్ ముందు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

హనుమకొండలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు నాది. జూన్ దాటిందంటే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సింగరేణిలో రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఎనుమాముల మార్కెట్ కమీషన్ వ్యాపారులు వరసగా వస్తుంటారు. ఫారం 16 ప్రింటు బయటికొచ్చేలోపు కుర్చీల్లో నడిచే ముచ్చట ఒకటే. ఎవరి మీద పన్ను పెంచాలి, ఎవరిని వదిలేస్తున్నారు? ప్రతి ఏడూ అవే సందేహాలు, అవే పొరపాట్లు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇలా రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే వెళ్లి చదువుకోండి. విడిగా చెప్పని చోట లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానంలోవి.

## అసలు డబ్బున్నోళ్లంటే ఎవరు

ఎంత సంపాదిస్తే ధనికుడి కింద లెక్క? గీత ఎక్కడ గీస్తారు?

చట్టంలో ‘ధనికుడు’ అన్న మాటే లేదు. రెండు మూడు గుర్తులు మాత్రం ఉన్నాయి. పన్ను లెక్కకొచ్చే ఆదాయం 24 లక్షలు దాటితే ఆపై భాగం మీద 30 శాతం. 50 లక్షలు దాటితే సర్‌చార్జీ, అంటే కట్టాల్సిన పన్ను మీద మళ్లీ పన్ను, మొదలు. కోటి, రెండు కోట్లు దాటేకొద్దీ ఆ సర్‌చార్జీ పెరుగుతుంది.

జనం గీసే గీత దీనికి సంబంధం లేకుండా ఉంటుంది. ప్రైవేటు కాలేజీలో నలభై వేల జీతానికి పాఠాలు చెప్పే లెక్చరర్‌ని అడిగితే, నెలకు లక్ష వచ్చేవాడు డబ్బున్నోడు. భార్యాభర్తలిద్దరూ గవర్నమెంట్ టీచర్లయిన ఇంట్లో అడిగితే, నర్సింగ్ హోమ్ ఉన్న డాక్టరు. డాక్టరుగారిని అడిగితే, హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి పెట్టినాయన. ఎవరి గీతైనా వాళ్ల నెత్తికి జానెడు పైనే ఉంటుంది. ‘నా మీద పెంచినా పర్వాలేదు’ అన్న మనిషిని ఇన్నేళ్లలో ఒక్కరినే చూశాను. రిటైరైన లెక్చరర్ ఆయన. ఆ ఏడు ఆయనకు పన్నే రాలేదు.

నాకు నెలకు లక్ష జీతం. నన్ను కూడా హై ఇన్‌కమ్ కింద కడతారా?

పన్ను పరంగా కట్టరు. ఏడాదికి 12 లక్షలు, అందులోంచి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 11.25 లక్షలు. 12 లక్షల దాకా రిబేటు, అంటే లెక్కకొచ్చిన పన్ను మాఫీ, ఉంది కాబట్టి మీరు కట్టేది సున్నా.

దేశంలో మీ స్థానం ఎక్కడ అంటే మాత్రం జవాబు వేరు. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు 2024లో వేసిన లెక్క ప్రకారం 2022-23లో వయోజనుల సగటు ఆదాయం ఏడాదికి సుమారు 2.3 లక్షలు. పైనున్న ఒక్క శాతం మంది సగటు సుమారు 53 లక్షలు. అంటే మీరు సగటు మనిషికి చాలా పైన, ఆ ఒక్క శాతానికి చాలా కింద. ఈ మాట చెబితే చాలామందికి కోపం వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ, ఇద్దరు పిల్లల కార్పొరేట్ కాలేజీ ఫీజులు కట్టేవాడికి తాను పైన ఉన్నానంటే నమ్మకం కుదరదు. ఆ కోపం అబద్ధం అనను, లెక్క కూడా అబద్ధం కాదు.

24 లక్షలు దాటితే మొత్తం జీతం మీద 30 శాతం పోతదట గద సార్?

పోదు. ఇది అన్నిటికన్నా ఎక్కువగా విన్న అపోహ. ఇంక్రిమెంటు వద్దని రాసివ్వొచ్చా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు. ఆ తర్వాత ప్రతి నాలుగు లక్షల ముక్కకు వరసగా 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటిన ముక్క మీద మాత్రమే 30. పన్ను లెక్కకొచ్చే ఆదాయం సరిగ్గా 24 లక్షలైతే పన్ను 3 లక్షలు, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు కలిపితే 3.12 లక్షలు. అంటే మొత్తం మీద 13 శాతం. ఇంకో లక్ష పెరిగితే ఆ లక్షలో 31,200 పోతుంది, మిగతాది మీదే. పన్ను పెంచాలని జనం అడిగినప్పుడు, ‘రేటు పెంచితే కష్టపడి ఎదిగినోడు మునుగుతాడు’ అని వచ్చే ఎదురు వాదనలో సగం ఈ అపోహ మీదే నిలబడి ఉంది.

12 లక్షల మీద ఒక్క రూపాయి దాటితే 60 వేలు కట్టాలా?

అక్కర్లేదు. మార్జినల్ రిలీఫ్ అని ఒకటుంది. ఆదాయం 12,10,000 అయితే స్లాబుల, అంటే పైన చెప్పిన నాలుగు లక్షల ముక్కల, లెక్కన 61,500 రావాలి. కానీ దాటింది పది వేలే కాబట్టి పన్ను కూడా పది వేలే, దాని మీద సెస్సు.

## ఇప్పుడు ఎవరు ఎంత కడుతున్నారు

కోటి రూపాయలు సంపాదించేవాడు నిజంగా ఎంత కడతాడు?

ఆ కోటి ఎక్కడి నుంచి వచ్చిందో చెబితేగానీ జవాబు చెప్పలేం. పెంచాలా వద్దా అన్న మాటకు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

జీతంగానో ప్రాక్టీసు లాభంగానో పన్ను లెక్కకు కోటి తేలితే, స్లాబుల ప్రకారం 25.8 లక్షలు, పది శాతం సర్‌చార్జీ, సెస్సు కలిపి సుమారు 29.5 లక్షలు. ఆరు కోట్లయితే సర్‌చార్జీ 25 శాతం. మొత్తం కలిపి ఆదాయంలో 38 శాతం దాకా పోతుంది. ఇది చిన్న పన్నేం కాదు.

అదే కోటి, ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో నమోదైన) షేర్లు అమ్మగా వచ్చిన లాభమనుకోండి. 2024 జూలై 23 నుంచి 1.25 లక్షలు దాటిన లాభం మీద రేటు 12.5 శాతం. ఈ లాభాల మీద సర్‌చార్జీ ఎంత పెద్ద ఆదాయానికైనా 15 శాతం మించదు. సెస్సుతో కలిపి లెక్కేసినా 15 శాతం లోపే ఆగుతుంది. కోటి లాభమైనా, వంద కోట్ల లాభమైనా అంతే. రాత్రి రెండింటికి కాన్పు చేయడానికి లేచి వెళ్లే డాక్టరమ్మ తన కోటి మీద 29 శాతం కడితే, ఇంట్లో కూర్చుని షేర్లు అమ్ముకున్నాయన అందులో సగం కడతాడు. షేర్లలో నష్టం వచ్చే ప్రమాదముందని, కంపెనీ తన లాభం మీద ముందే పన్ను కట్టిందని దీనికి సమర్థన చెబుతారు. వాదనలో పస ఉంది. తేడా ఇంత ఉండాలా అన్నదే నా అనుమానం.

ఈ మధ్య కాలంలో పెద్దోళ్ల మీద పెంచారా, తగ్గించారా?

రెండూ చేశారు. 2019 జూలై బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ఐదు కోట్లు దాటినవాళ్లకు సర్‌చార్జీని 37 శాతానికి పెంచారు. అప్పుడు అత్యధిక రేటు 42.74 శాతానికి చేరింది. విదేశీ ఇన్వెస్టర్లు గగ్గోలు పెడితే, షేర్ల లాభాల మీద ఆ పెంపును ఆగస్టులోనే వెనక్కి తీసుకున్నారు. 2023 బడ్జెట్‌లో కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు సర్‌చార్జీని 25 శాతానికి దించారు. దాంతో పై రేటు 39 శాతం అయింది. పెంచినప్పుడు జరిగిన చర్చ తగ్గించినప్పుడు జరగలేదు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఇది తెలిసినవాళ్లు చాలా తక్కువ.

జీతగాడికే కట్ అయితది, వ్యాపారికి ఏం గాదు. నిజమేనా?

చాలావరకు నిజమే. జీతం మీద టీడీఎస్ మీ చేతికి డబ్బు రాకముందే పోతుంది. దాచడానికి చోటు లేదు. వ్యాపారికి, డాక్టరుకు, లాయరుకు లాభం ఎంతో చెప్పే పని వాళ్ల చేతిలోనే ఉంటుంది.

చట్టమే ఇచ్చిన వెసులుబాట్లు కూడా ఉన్నాయి. 50 లక్షల లోపు ఫీజులు వచ్చే డాక్టరు, నగదు తక్కువైతే 75 లక్షల దాకా, వచ్చినదాంట్లో సగం లాభంగా చూపిస్తే చాలు, లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. రెండు కోట్ల లోపు టర్నోవరున్న చిన్న వ్యాపారి ఎనిమిది శాతం, ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బయితే ఆరు శాతం లాభం చూపించొచ్చు. పుస్తకాలు రాసుకోలేని కిరాణా కొట్టుకు ఇది మేలే. ఖర్చులు తక్కువున్న పెద్ద ప్రాక్టీసుకు ఇంకా మేలు.

‘పన్ను పెంచండి’ అని టీచరు అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది రేటు పెరగడం కాదని నాకనిపిస్తుంది. చిట్టీ మీద ఫీజు రాసి నగదు తీసుకునే చోట పట్టుకోమంటున్నాడు. సర్వేలో అది ‘రేటు పెంచాలి’ కింద పడిపోతుంది.

రైతులకెందుకు మినహాయింపు? వందెకరాలున్నోడు గూడ రైతేనా?

వందెకరాలున్నాయంటే ముందు అడగాల్సింది సీలింగ్, అంటే భూమికి గరిష్ఠ పరిమితి, గురించి. 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి (మాగాణి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు మించకూడదు. ఆ భూసంస్కరణలకు ఊపు తెచ్చిన ముఖ్యమంత్రి మన వంగర పీవీ నరసింహారావే. తన కుటుంబ భూమి కూడా వదులుకున్నారని ఇటువైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక పన్ను సంగతి. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది. కేంద్రం వేయలేదు. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని 1972లోనే కె.ఎన్.రాజ్ కమిటీ చెప్పింది. ఎవరూ ముట్టుకోలేదు. ఎనుమాములకు బస్తాలు తెచ్చే మిర్చి రైతుల్లో చాలామంది ఆదాయం, మందుల ఖర్చూ కూలీ ఖర్చూ తీసేశాక, పన్ను గీత దగ్గరికి కూడా రాదు. వాళ్ల మీద వేయమని అడిగేది ఎవరూ లేరు. గొడవంతా మరోచోట ఉంది. రియల్ ఎస్టేట్‌లోనో కాంట్రాక్టుల్లోనో వచ్చిన డబ్బును ‘వ్యవసాయ ఆదాయం’ అని రాసుకునేవాళ్ల దగ్గర. ఎకరాకు పండే పంట విలువకు పొంతన లేని అంకెతో ఒకాయన నా దగ్గరికొస్తే, ఏం పండించారని అడిగాను. మళ్లీ రాలేదు.

దేశంలో కొద్దిమందే పన్ను కడుతున్నారు, మిగతావాళ్లు ఊరికే తింటున్నారు కదా?

ఆదాయపు పన్ను కట్టేది కొద్దిమందే. పన్ను కట్టేది అందరూ. కాజీపేటలో టీకొట్టు నడిపే మనిషి సబ్బు కొన్నా జీఎస్టీ కడతాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 నుంచి 5 శాతానికి తగ్గింది గానీ పోలేదు. బండిలో పెట్రోలు పోయించుకుంటే తెలంగాణ వ్యాట్ 35.2 శాతం, కేంద్రం ఎక్సైజ్ దానికి అదనం. సాయంత్రం ఒక క్వార్టర్ కొంటే అందులో ఎక్కువ భాగం సర్కారుదే. పైగా ఈ పన్నులు నెలకు పదిహేను వేలు వచ్చేవాడికీ పదిహేను లక్షలు వచ్చేవాడికీ ఒకటే రేటు.

ప్రొఫెషన్ ట్యాక్స్ అందరికీ ఒకటే ఎందుకు?

రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 మించకూడదని కట్టేసింది. ఆ గరిష్ఠం 1988లో పెట్టింది, ఇప్పటికీ అదే. తెలంగాణలో జీతం 15 వేల లోపైతే లేదు, 20 వేల దాకా నెలకు 150, ఆ పైన 200. సూపర్ మార్కెట్‌లో 21 వేలకు పనిచేసే సూపర్‌వైజరూ, నెలకు ఐదు లక్షలు తీసుకునే మేనేజరూ అదే రెండొందలు కడతారు. రాష్ట్రం మార్చాలనుకున్నా రాజ్యాంగ సవరణ కావాలి.

## జనం ఏమంటున్నారు

సర్వేల్లో జనం నిజంగానే పెంచమంటున్నారా?

గట్టిగానే అంటున్నారు. 2024లో ఇప్సోస్ సంస్థ జీ20 దేశాల్లో చేసిన సర్వేలో బాగా డబ్బున్నవాళ్ల మీద సంపద పన్నుకు సగటున 68 శాతం సరే అన్నారు. ఇండియాలో 74 శాతం. అదే ఏడు ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ అడిగితే, పేదా ధనిక తేడా చాలా పెద్ద సమస్య అని ఇండియాలో 64 శాతం చెప్పారు. అమెరికాలో గ్యాలప్ సర్వే సంస్థ ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడుగుతోంది. పెద్ద ఆదాయం వాళ్లు కట్టాల్సినదానికన్నా తక్కువ కడుతున్నారని పదిమందిలో ఇంచుమించు ఆరుగురు అంటూనే ఉన్నారు. ఫ్రాన్స్‌లో పది కోట్ల యూరోలు దాటిన ఆస్తి మీద ఏటా కనీసం 2 శాతం పన్ను అన్న ప్రతిపాదనకు 2025 సెప్టెంబరులో 86 శాతం మద్దతు వచ్చింది. అప్పటికే కింది సభలో నెగ్గి, సెనేట్‌లో వీగిపోయిన ప్రతిపాదన అది.

మరి ఓటేసే రోజు గూడ అదే మాట మీద ఉంటరా?

అన్నిసార్లూ ఉండరు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2022 నవంబరులో పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద అదనంగా 4 శాతం పన్ను పెట్టాలా అని ఓటు పెట్టారు. 52 శాతంతో ఎలాగో నెగ్గింది. వచ్చే డబ్బు చదువులకు, రోడ్లకు, రవాణాకు అని ముందే రాసిపెట్టారు. స్విట్జర్లాండ్‌లో 2025 నవంబరు 30న ఐదు కోట్ల ఫ్రాంకులు దాటిన వారసత్వం మీద 50 శాతం పన్ను పెట్టాలా అని అడిగితే 78 శాతం వద్దన్నారు. అంత ఆస్తి ఉన్నవాళ్లు ఆ దేశంలో కొద్దిమందే, వద్దన్నవాళ్లలో దాదాపు అందరూ ఆ పన్ను ఎన్నడూ కట్టరు. అయినా వద్దన్నారు. డబ్బున్నవాళ్లు దేశం వదిలిపోతే ఆ భారం మన మీద పడుతుందన్న భయం పనిచేసింది.

మన దగ్గర బడ్జెట్ మీద ఓటింగు ఉండదు గానీ, 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో వారసత్వ పన్ను మాట లేవగానే ఏమైందో గుర్తుంది కదా. రెండెకరాల పట్టా ఉన్నవాడు కూడా ‘నా భూమి గుంజుకుంటరా’ అన్నాడు. ఆ మాట తమ విధానం కాదని కాంగ్రెస్ పార్టీ వెంటనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగే తీరును బట్టి జవాబు మారుతుందా?

పూర్తిగా మారుతుంది. పోయిన సీజన్‌లో ఒక చిన్న సరదా చేశాను. దీన్ని సర్వే అనకండి, టైంపాస్ అనండి. వచ్చినవాళ్లను మూడు రకాలుగా అడిగాను. ‘బాగా డబ్బున్నోళ్ల మీద పన్ను పెంచాలా?’ అంటే దాదాపు అందరూ పెంచాలన్నారు. ‘24 లక్షలు దాటినోళ్ల మీద పెంచాలా?’ అంటే అమ్మాయి హైటెక్ సిటీలో చేస్తోందని, అల్లుడి ప్యాకేజీ అంతే ఉందని గొంతులు తగ్గాయి. ‘సర్కారు దవాఖానలో బెడ్లు పెంచడానికే వాడతామంటే పెంచాలా?’ అన్నాక మళ్లీ తలలు ఊగాయి, కాకపోతే ‘దానికే వాడతరని ఏం గ్యారంటీ?’ అని ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఫారం లేదు.

సర్వే ఫలితం ఎక్కడ కనపడినా మూడు చూడండి. గీత ఎక్కడ గీశారు, ఏ పన్ను అన్నారు, డబ్బు దేనికన్నారు. ఈ మూడూ లేని శాతం పెద్దగా ఏమీ చెప్పదు.

పన్ను పడనివాళ్లు కూడా పెంచొద్దంటారు. ఎందుకు?

రేపు మా పిల్లలు ఆ గీత దాటుతారని. వరంగల్‌లో ప్రతి సందులో ఒక అమెరికా కొడుకో, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కూతురో ఉన్నారు. తండ్రి పింఛను మీద పన్ను రాదు, కూతురి జీతం మీద వస్తుంది. ఆయన ఓటు ఆమె తరఫున వేస్తాడు. ఇందులో తప్పేం లేదు, ఇంటి లెక్క అలాగే ఉంటుంది.

సింగరేణి కార్మికులు పన్నే వద్దంటారు. వాళ్లు హై ఎర్నర్సా?

భూమి కింద వందల మీటర్లలో పనిచేసి, ఓవర్‌టైమూ లాభాల వాటా కలిసేసరికి ఏడాది ఆదాయం పెద్ద అంకెగా కనపడుతుంది. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ఏ గనికి వెళ్లినా దసరాకు ముందు లాభాల వాటా ఎంతన్నదే చర్చ, అందులో ఇన్‌కమ్ ట్యాక్స్ ఎంత పోయిందన్నది దాని తర్వాతి చర్చ. సరిహద్దు జవాన్లలాగే మాకూ ప్రమాదం ఉంది, మినహాయింపు ఇవ్వండి అని సంఘాలు చాలా ఏళ్లుగా అడుగుతున్నాయి. రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది, కేంద్రం ఒప్పుకోలేదు. నిజానికి జవాన్ల జీతానికి కూడా పూర్తి మినహాయింపు లేదు. కొన్ని అలవెన్సులకే ఉంది. 12 లక్షల రిబేటు వచ్చాక కొందరు కార్మికులు పన్ను నుంచి బయటపడ్డారు, సీనియర్లు పడలేదు. ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన 15 లక్షలనూ అద్దెల మీద వచ్చిన 15 లక్షలనూ ఒకే గాటన కట్టొచ్చా అన్న వాళ్ల ప్రశ్నకు స్లాబుల్లో జవాబు లేదు.

రైతుబంధులో పెద్ద రైతులకు ఇవ్వొద్దన్నది కూడా ఇదే గొడవ కదా?

అదే గొడవ, తిరగేసిన రూపంలో. 2018 మేలో హుజూరాబాద్‌లో మొదలైనప్పుడు పట్టా ఉన్న అందరికీ ఎకరాకు సీజనుకు 4 వేలు, ఎన్ని ఎకరాలైనా. ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6 వేలు. ‘భూములు కౌలుకిచ్చి పట్నంలో ఉండేవాడికి ఎందుకు?’ అని ఊళ్లో ఎవరిని అడిగినా అంటారు. ఎన్ని ఎకరాల దగ్గర ఆపాలంటే మూడెకరాలాయన ఐదు అంటాడు, ఏడెకరాలాయన పది అంటాడు.

## పెంచితే ఏమవుతుంది

ఒకప్పుడు 97 శాతం పన్ను ఉండేదట. నిజమా, కథా?

నిజం. 1973-74లో పై స్లాబు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌చార్జీ, కలిపి 97.75. రెండు లక్షలు దాటిన ముక్కలో రూపాయికి రెండు పైసల పైచిలుకు మిగిలేది. ఎగవేతకు ఇంత రేటే కారణమని, తగ్గించమని పన్నుల మీద కేంద్రం వేసిన వాంఛూ కమిటీ అప్పటికే చెప్పింది. తర్వాతి ఏడు 77కు దించారు. 1985లో అప్పటి ఆర్థిక మంత్రి వీపీ సింగ్ 50కి తెచ్చారు. 1992లో, పీవీ ప్రధానిగా ఉన్నప్పుడు, మన్మోహన్ సింగ్ 40కి, 1997లో చిదంబరం 30కి దించారు. అప్పటి నుంచి అసలు రేటు 30 దగ్గరే ఉంది, సర్‌చార్జీలే పైకీ కిందికీ ఆడుతున్నాయి.

ఆ రోజుల్లో నల్లడబ్బు అలవాటైన వ్యాపార కుటుంబాలు రేటు 30కి దిగాక కూడా ఆ అలవాటు మానలేదు. రేటు తగ్గిస్తే అందరూ నిజాయితీగా కడతారన్న మాటను ఆ మేరకే నమ్మండి.

పెంచితే డబ్బున్నోళ్లు దుబాయ్ పోతరట?

కొందరు పోతారు. నార్వేలో 2022లో సంపద పన్ను పెంచాక కొందరు కోటీశ్వరులు స్విట్జర్లాండ్ వెళ్లారు. కానీ హనుమకొండలో ఆసుపత్రి ఉన్న డాక్టరు పేషెంట్లను దుబాయ్ తీసుకుపోలేడు. షేర్లూ కంపెనీలూ ఉన్నవాడికే కదలడం తేలిక. ఇంకో సంగతి, దుబాయ్ పోవడం మనకు కొత్త కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి పోయినవాళ్లు పన్ను తప్పించుకోవడానికి పోలేదు. అక్కడ ఆదాయపు పన్ను లేదన్న మాట కూడా ఇక అన్ని గల్ఫ్ దేశాలకూ వర్తించదు. ఏడాదికి 42 వేల రియాళ్లు దాటిన ఆదాయం మీద 2028 నుంచి 5 శాతం పన్ను అని ఒమన్ 2025లో చట్టం చేసింది.

పోకుండానే తప్పించుకునే దారి ఇంకొకటుంది. వ్యాపారాన్ని కంపెనీగా మార్చడం. మినహాయింపులు వదులుకున్న కంపెనీకి 2019 సెప్టెంబరు నుంచి రేటు 22 శాతమే, అన్నీ కలిపి 25.17. డబ్బు డివిడెండుగా ఇంటికి తెచ్చుకుంటే మళ్లీ పన్ను పడుతుంది, కంపెనీలోనే ఉంచి తిప్పుకుంటే పడదు. వ్యక్తుల రేటు పెంచి కంపెనీ రేటు అలాగే వదిలేస్తే నాలాంటివాళ్లకు రిజిస్ట్రేషన్ పని పెరుగుతుంది.

పెంచిన డబ్బు తెలంగాణకు ఏమైనా వస్తుందా?

ఎలా పెంచారన్నదాన్ని బట్టి. స్లాబు రేటు పెంచితే ఆ డబ్బు రాష్ట్రాలతో పంచుకోవాలి. 2021-26 కాలానికి అందులో 41 శాతం రాష్ట్రాలది, ఆ భాగంలో తెలంగాణకు 2.102 శాతం. అంటే పంచే ప్రతి వంద రూపాయల్లో మనకు సుమారు 86 పైసలు. సర్‌చార్జీగానో సెస్సుగానో పెంచితే ఆ 86 పైసలు కూడా రావు. రాజ్యాంగం ప్రకారం అవి పూర్తిగా కేంద్రానివే. ఇన్నేళ్లుగా డబ్బున్నవాళ్ల మీద పెంచింది చాలావరకు సర్‌చార్జీ రూపంలోనే అన్నది గమనించండి. ‘పెద్దోళ్ల మీద వేశారు’ అని ఇక్కడ చప్పట్లు కొట్టేటప్పుడు దీన్ని కూడా అడగాలి.

సంపద పన్ను, వారసత్వ పన్ను మన దగ్గర ఎప్పుడూ లేవా?

రెండూ ఉండేవి. చనిపోయినవాళ్ల ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1953 నుంచి 1985 దాకా ఉంది. పై రేటు 85 శాతం, వసూలు చివర్లో ఏడాదికి 20 కోట్లు మాత్రమే. సంపద పన్ను 1957లో వచ్చి 2015లో పోయింది. 2013-14లో దేశమంతా కలిపి వచ్చింది 1,008 కోట్లు. షేర్లను వదిలేసి నగలు, కార్లు, ఖాళీ ఇళ్ల మీద వేస్తే అంతకన్నా ఏమొస్తుంది? పన్ను పనికిరాదనడానికి ఈ అంకెలు చూపిస్తుంటారు. చిల్లుల సంచిలో వడ్లు పోసి, పంటే పండలేదన్నట్టుంది.

## నన్ను అడిగితే

ఇంతకీ మీరేమంటరు సార్? పెంచాల్నా, వద్దా?

జీతం మీద రేటును ముట్టుకోకముందు షేర్ల లాభాల మీదికి వెళ్లాలంటాను. చిన్న ఇన్వెస్టరుకు 1.25 లక్షల మినహాయింపును ఇంకా పెంచినా ఫరవాలేదు. ఏడాదికి కోట్లలో లాభం వచ్చేవాడు తన దగ్గర పనిచేసే మేనేజరు కన్నా తక్కువ శాతం కట్టడానికి నాకైతే సరైన కారణం కనపడలేదు. పెంచితే సర్‌చార్జీగా కాకుండా అసలు రేటుగా పెంచి రాష్ట్రాలకు వాటా ఇవ్వాలి. గీత ఐదు కోట్ల దగ్గర పెట్టి మొదలుపెట్టొచ్చు.

ఇది రాసి, అచ్చు వేయించే ముందు నా దగ్గరికొచ్చే ఒక డాక్టరుగారికి చూపించాను. అంతా చదివి, బాగుంది, గీత మాత్రం రెండు కోట్ల దగ్గర పెట్టమన్నారు. ఎందుకని అడగలేదు. ఆయన రిటర్ను వేసేది నేనే.